ఎండ చూపించాకే అమ్మే నర్సరీ: చెన్నై మాధవరం వైపు మొక్కలు కొనేవాళ్ళకు

మొక్క కొందామని వెళ్తే ముందు మనకే ఇంటర్వ్యూ పెట్టే నర్సరీ ఇది. "మేడ మీద ఎండ ఏ వేళ నుంచి ఏ వేళదాకా ఉంటుందండీ? పోసేది బోరు నీళ్ళా, మెట్రో వాటర్ కుళాయి నీళ్ళా? ఎన్నో అంతస్తు? సాయంత్రం సముద్రం గాలి తగులుతుందా?" ఇవన్నీ అయ్యాకే మందారాలు ఎక్కడున్నాయో చూపిస్తారు. మా ఆయనకు ఇదంతా విసుగు. "మన అమ్మాయికి స్కూల్లో సీటిచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగలేదు" అని గొణుక్కుంటూ బండి దగ్గరే నిలబడిపోతారు. నాకు ఆ ప్రశ్నలే నచ్చాయి. నేను ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలకు బయాలజీ చెప్తాను. పుస్తకంలో రెండు పేజీల్లో ముగించేసే పాఠాన్ని ఒకాయన వ్యాపారంగా నడుపుతుంటే చూడటం బాగుంటుంది.

ఎక్కడంటే, మాధవరంలో ఆంధ్రా బస్సులు బయల్దేరే బస్టాండు దాటి రెడ్ హిల్స్ వైపు కొంత దూరం వెళ్ళాక, ఒక లారీ షెడ్డు పక్క సందులో. బోర్డు తమిళంలో ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో తెలుగు. యజమానిది కడియం పక్క పల్లె. చెన్నై వచ్చి చాలా ఏళ్ళయినా "ఆయ్, అదేనండీ" మాత్రం పోలేదు. పనిచేసే ఆడవాళ్ళలో సగం మంది తిరువళ్ళూరు వైపు తెలుగువాళ్ళే, కాబట్టి భాషకు ఇబ్బంది లేదు.

ఈ నర్సరీ ఎందుకు వేరో చెప్పాలంటే కడియం సంగతి కొంచెం చెప్పాలి. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతా మొక్కలు వెళ్తాయని మనకు తెలిసిందే. చెన్నైలో రోడ్డు పక్కన కనిపించే మందారాలు, క్రోటన్లు, నందివర్ధనాల్లో ఆ లారీల్లో దిగినవి తక్కువేం కాదు. అక్కడ గోదావరి ఒండ్రు మట్టి, కాలువ నీళ్ళు, కొబ్బరి తోటల నీడ. ఇక్కడ మూడో అంతస్తు సిమెంటు మేడ, ఉప్పు బోరు, పడమటి ఎండ. ప్రయాణం ఒక రాత్రిదే. కానీ ఆ ఆకులు తయారైంది అక్కడి వెలుతురు కోసం.

ఆకు తన చుట్టూ ఉన్న వెలుతురును బట్టే పెరుగుతుంది. నీడలో పుట్టినది వెడల్పుగా, పల్చగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. దొరికే కాస్త వెలుతురునూ వదలకూడదు కదా. ఎండలో పుట్టినది చిన్నగా, మందంగా ఉంటుంది. లోపల పొడుగు కణాల వరస ఒకటి ఎక్కువ ఉండొచ్చు, పైన మైనం పొర మందంగా ఉంటుంది. నీడలో పూర్తిగా ఎదిగిపోయిన ఆకు ఆ తర్వాత ఎండాకుగా మారలేదు. కొంత సర్దుకుంటుంది, అంతే. అసలైన మార్పు కొత్తగా వేసే ఆకుల్లోనే. అందుకే నీడ పందిరి నుంచి నేరుగా మేడ మీదికి ఎక్కించిన మొక్క మొదట ఆకులు మాడ్చుకుంటుంది, తర్వాత రాల్చుకుంటుంది. అదృష్టం ఉంటే మళ్ళీ చిగురిస్తుంది.

మాడటం కేవలం వేడి వల్ల కాదు. వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ వెలుతురు మీద పడితే కిరణజన్య సంయోగక్రియ జరిపే యంత్రాంగమే దెబ్బతింటుంది. ఆకు దాన్ని రిపేరు చేసుకుంటూనే ఉంటుంది, కానీ దెబ్బ తగిలే వేగం రిపేరు వేగాన్ని దాటితే పచ్చదనం పోయి తెల్లబారుతుంది. ఎండకు అలవాటు పడిన ఆకులో కెరోటినాయిడ్లు అనే పసుపు రంగు పదార్థాలు ఎక్కువ ఉంటాయి. వాటిలో కొన్ని మిట్టమధ్యాహ్నం రూపం మార్చుకుని, మిగులు వెలుతురును వేడిగా బయటికి వదిలేస్తాయి. సాయంత్రానికి మళ్ళీ పాత రూపానికి వస్తాయి. ఈ ఏర్పాటు పెంచుకోవడానికి మొక్కకు రోజులు పడుతుంది. ఆ రోజుల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే నర్సరీ వ్యాపారంలో అసలు ప్రశ్న. చాలా చోట్ల అది కొన్నవాళ్ళ నెత్తిన పడుతుంది.

ఇక్కడ ఆయన పెట్టుకుంటారు. స్థలాన్ని మూడు భాగాలు చేశారు. లారీ దిగిన మొక్కలు మొదట దట్టమైన నెట్ కిందికి వెళ్తాయి, డెబ్బై అయిదు శాతం నీడ. కొత్త చిగురు కనిపించాక యాభై శాతం నెట్ కిందికి. అక్కడ ఇంకో విడత ఆకులు వేశాక బయటికి, నేరుగా ఎండలోకి. మూడో చోట నిలబడిన వాటికే "మేడ మీదికి" అని పసుపు చీటీ కడతారు. మొదటి పందిరి మొక్కలు కావాలని పట్టుబడితే ఇస్తారు, కానీ బిల్లు మీద "నీడ మొక్క" అని రాసి మరీ ఇస్తారు. "దిగిన రోజే అమ్మేస్తే నాకు లాభమేనండీ, ఆ రోజున్నంత అందంగా మళ్ళీ ఎప్పుడూ ఉండవు. పదిహేను రోజులు పోయాక మీరు నన్ను తిట్టుకుంటారు" అన్నారాయన ఒకసారి.

ధరలు చూస్తే కొత్తవాళ్ళకు మతిపోతుంది. మొదటి పందిరిలో పెద్ద పెద్ద ఆకులతో నిగనిగలాడే మందారం నూట ఇరవై. బయట ఎండలో పొట్టిగా, చిన్న ఆకులతో, అక్కడక్కడా పురుగు కొరికిన చిల్లులతో ఉన్న అదే రకం మందారం నూట తొంభై. నేనున్నప్పుడే ఒకావిడ "ఏమన్నా, బక్కదానికి ఎక్కువ, బలిసినదానికి తక్కువా?" అని నిలదీసింది. ఆయన నవ్వి, రెండు ఆకులూ తుంచి ఆవిడ చేతిలో పెట్టారు. వేళ్ళతో నలిపి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒకటి కాగితం, ఒకటి అట్ట. ఆవిడ చివరికి నూట ఇరవైదే కొనుక్కుని వెళ్ళిందనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఒక్క విషయానికే ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో తర్వాత చెప్తాను.

నీళ్ళ దగ్గర కూడా ఇదే పద్ధతి. అక్కడ పనిచేసే అక్క ఒకామె పైపు పట్టుకుని వరసగా తడుపుకుంటూ పోదు. కుండీని కొంచెం ఎత్తి చూస్తుంది, తేలిగ్గా ఉంటేనే పోస్తుంది, పోస్తే అడుగు చిల్లు నుంచి కారేదాకా పోస్తుంది. మేడ మీదికి వెళ్ళబోయే మొక్కల్ని ఒక్కొక్కసారి ఆకు కొంచెం మెత్తబడేదాకా ఆపుతుంది. చూసేవాళ్ళకు పిసినారితనంలా ఉంటుంది. మట్టి ఆరడం మొదలైనప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది ఆకులకు చేరితే, గాలీ ఆవిరీ వచ్చిపోయే సన్నని చిల్లులైన పత్రరంధ్రాల రెండు పక్కలా ఉన్న రక్షక కణాల్లోంచి పొటాషియం, దాని వెంట నీరు బయటికి పోతాయి, రంధ్రం మూసుకుంటుంది. వేళ్ళు పీల్చిన నీటిలో చాలా భాగం ఆవిరై పోయేది ఆ రంధ్రాల నుంచే కాబట్టి, మూయడం పెద్ద పొదుపు. ఆ పొదుపుకు మొక్క చెల్లించేది తక్కువేం కాదు. రంధ్రం మూస్తే బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, ఆహారం తయారు కాదు. చల్లబరిచే ఆవిరి లేక ఆకు వేడెక్కుతుంది. ఎంత మూయాలి, ఎప్పుడు తెరవాలి అన్న లెక్క మొక్క రోజంతా వేసుకుంటూనే ఉంటుంది. కొన్నిసార్లు తేలిగ్గా ఎండగట్టిన మొక్క వేళ్ళను లోతుకు పంపుతుంది, ఆకులు తక్కువ వేస్తుంది, మరుసటిసారి త్వరగా సర్దుకుంటుంది. రోజూ రెండు పూటలా తడిపిన మొక్కకు ఆ అవసరమే రాదు, మనం ఊరెళ్ళిన వారంలో పోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది మా వీధిలో అందరికీ చెప్తుంటాను. మధ్యాహ్నం రెండింటికి మందారం ఆకులు వాలిపోయాయని బకెట్టు పట్టుకుని పరిగెత్తకండి. మట్టిలో తడి ఉన్నా ఆ వేళలో వేళ్ళు అందించేదానికన్నా ఆకులు పోగొట్టేది ఎక్కువ, సాయంత్రానికి అవే లేస్తాయి. పొద్దున ఏడింటికి కూడా వాలి ఉంటేనే భయపడాలి. అప్పుడు కూడా ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. తడిగా ఉంటే నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళుతున్నట్టు. నీళ్ళు చాలని మొక్క, నీళ్ళు ఎక్కువైన మొక్క రెండూ బయటికి ఒకేలా కనబడతాయి. ఈ నర్సరీలో ఈ ముక్క ఒక అట్ట మీద రాసి గల్లాపెట్టె పైన వేలాడదీశారు, తెలుగులోనూ తమిళంలోనూ. తెలుగులో రెండు అక్షర దోషాలున్నాయి, టీచర్ని కదా, దిద్దమని చెప్పి వచ్చాను. ఇంకా దిద్దలేదు.

నారు మొక్కల బల్ల దగ్గర ఇంకో విచిత్రం. టమాటా, వంగ, మిరప నారు మీద ఆ అక్క వెదురు కర్రకు కట్టిన పాత చీర గుడ్డను అటూ ఇటూ ఆడిస్తుంటుంది. దిష్టి తీస్తున్నారనుకునేవాళ్ళూ ఉన్నారు. తాకిడికి మొక్క పొట్టిగా, కాండం లావుగా పెరుగుతుంది. దీని మీద పరిశోధన చేసిన మార్క్ జాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1973లో దీనికి థిగ్మోమార్ఫోజెనిసిస్ అని నోరు తిరగని పేరు పెట్టారు. మేడ మీద గాలికి సన్నగా సాగిన నారు నడుం విరిగి పడుతుంది, కర్ర గుడ్డ తగిలిన నారు నిలబడుతుంది. యజమాని ఆ పేరు వినలేదు. "మా నాన్న తాటాకు ఆడించేవాడండీ" అన్నారు, అంతే. నారు ఒక్కొక్కటి ఐదు రూపాయలు, మిగతా చోట్ల మూడు. తేడా ఇవ్వొచ్చు.

టమాటా నారు మాత్రం మార్చి నుంచి జూన్ దాకా ఎంత అడిగినా అమ్మరు. చెన్నై ఎండలో మొక్క బతుకుతుంది, పూత కూడా వేస్తుంది, కాయ నిలవదు. పగలు ముప్ఫై అయిదు డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే పుప్పొడి సరిగా తయారు కాదు, పూలు రాలిపోతాయి. చెడిన పుప్పొడిని ఏ మందూ బాగు చేయదు. పక్క నర్సరీలో అడిగితే ఏప్రిల్లో కూడా ఇస్తారు, పూత మందు సీసా కూడా అంటగడతారు.

ఎండల గురించి మనవాళ్ళు రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఇక్కడివాళ్ళు అంతకు ముందే, మే మొదటి వారం నుంచి అగ్ని నక్షత్రం అని, కత్తిరి వెయిల్ అని మొదలుపెడతారు. 2003 మే 31న ఇదే చెన్నైలో 45 డిగ్రీలు కాసింది. అలాంటి వేడికి మొక్క లోపలి ప్రొటీన్లు మడత విప్పుకుని పనికిరాకుండా పోతాయి. వాటిని పట్టి నిలబెట్టడానికి, చెడినవాటిని మళ్ళీ సరిగా మడవడానికి మొక్క హీట్ షాక్ ప్రొటీన్లు అనేవాటిని తయారు చేసుకుంటుంది. ఇవి ఒక మోస్తరు వేడికే తయారవడం మొదలవుతాయి. అంటే మోస్తరు వేడి ముందుగా చూసిన మొక్క, ఆ వెంటనే వచ్చే పెద్ద వేడిని తట్టుకుంటుంది. చల్లని పందిరి నుంచి నేరుగా వెళ్ళినది తట్టుకోలేదు. నేను క్లాసులో ఇది చెప్తే ఒక పిల్లాడు "మొక్కకి కూడా టెన్షన్ ఉంటుందా మిస్?" అన్నాడు. ఉంటుంది, మన పరీక్షలకన్నా తరచుగా. ఏప్రిల్ మొదట్లో కొన్న మొక్క మే నెలను చూడగలుగుతుంది, మే నడుమ కొన్నది చూడలేదు. కాబట్టే ఈ నర్సరీలో అగ్ని నక్షత్రం రోజుల్లో గులాబీలు, నిమ్మ అంట్లు బయటికి తీయరు. డబ్బిస్తామన్నా తీయరు. కొంతమంది కోపంగా వెళ్ళిపోవడం నేను చూశాను.

నేను ఎక్కువ సేపు గడిపేది ఉప్పు నీళ్ళ వరస దగ్గర. చెన్నైలో అపార్టుమెంటు మేడ మీద మొక్కలు పెంచేవాళ్ళకు ఎండకన్నా పెద్ద శత్రువు బోరు నీళ్ళే. గల్లాపెట్టె దగ్గర, నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే చిన్న టీడీఎస్ మీటరు ఉంటుంది, సీసాలో మన నీళ్ళు తీసుకెళ్తే ఉచితంగా చూసి చెప్తారు. మా విల్లివాక్కం బిల్డింగు బోరు వేసవిలో లీటరుకు 1,400 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీటికి మన ప్రమాణం 500, వేరే దారి లేకపోతే 2,000 వరకు. సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల్లో 450 లోపు అయితే బెంగ లేదు, 2,000 దాటితే గట్టి ఇబ్బంది. మధ్యలో ఉన్న మనలాంటివాళ్ళం మొక్కను చూసి ఎంచుకోవాలి.

ఉప్పు రెండు రకాలుగా దెబ్బ కొడుతుంది. మొదటిది వెంటనే తెలుస్తుంది. మట్టి నీటిలో ఉప్పు ఎక్కువైతే ఆ నీటిని లాక్కోవడం వేళ్ళకు కష్టమవుతుంది, కుండీ తడిగా ఉన్నా మొక్క దాహంతో ఉంటుంది. రెండోది నెమ్మదిగా వస్తుంది. సోడియం, క్లోరైడు ముదురు ఆకుల్లో పోగుపడితే, ఆ ఆకులు కొసల నుంచి, అంచుల నుంచి గోధుమరంగుకు మాడుతూ వస్తాయి. తట్టుకునే మొక్కలు కొన్ని సోడియాన్ని వేళ్ళ దగ్గరే ఆపుతాయి, కొన్ని లోపలికి రానిచ్చి కణంలోని రిక్తికలో, అంటే నీటి సంచిలో, బంధించి పెడతాయి. ప్రొలిన్ లాంటి పదార్థాలు కూడగట్టుకుని నీటిని లాక్కునే శక్తి నిలుపుకుంటాయి. దీని కొస మెట్టు మీద ఉన్నది మడ చెట్టు. మడ అడవులున్న పిచ్చావరం వెళ్ళినప్పుడు ఆకును నాలుకకు తాకించి చూడండి, ఉప్పు గ్రంథుల నుంచి బయటికి నెట్టిన ఉప్పు తగులుతుంది. మన తరమణిలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్ళు ఆ మడ జాతి నుంచే జన్యువులు వేరుచేసి, ఉప్పు తట్టుకునే వరి కోసం వాడి చూశారు.

మేడ మీదికి మడ అక్కర్లేదు. ఈ వరసలో ఉండేవి బోగన్‌విల్లియా, గన్నేరు, గంగవావిలి, ఎడారి గులాబీ. వీటిని ఆయన కావాలనే నర్సరీ బోరు నీళ్ళతోనే పెంచుతారు, అది కూడా ఉప్పుదే. నిమ్మ, చిక్కుడు, గులాబీ అడిగితే మీటరు అంకె చూపించి "వాన నీళ్ళు పట్టుకుంటారా, అయితే ఇస్తాను" అంటారు. ఆర్వో మిషను నుంచి వచ్చే వృథా నీళ్ళు మొక్కలకు పోస్తామని గొప్పగా చెప్పేవాళ్ళకు అక్కడే క్లాసు పీకుతారు. ఆ నీళ్ళలో ఉప్పు బోరు కంటే ఎక్కువే కదా, మంచినీళ్ళను వడకట్టి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. నేల తుడుచుకోండి, బాత్రూం కడుక్కోండి, మొక్కలకు వద్దు. కుండీ అంచున తెల్లగా పొర కడుతుంటే నెలకోసారి మంచి నీళ్ళు అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పు కడిగేయమంటారు. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ ఎండిపోయినప్పుడు కడగడానికి మంచి నీళ్ళు ఎక్కడివి? ఆ ఏడాది గంగవావిలి, గన్నేరు తప్ప ఇంకేమీ అమ్మలేదని చెప్పారు.

రణపాల కుండీల దగ్గర ఆగండి. ముప్ఫై రూపాయలే. దీని ఆకు తెల్లవారుజామున నమిలితే పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి ఆ పులుపు ఉండదు. ఈ మొక్క పత్రరంధ్రాలను రాత్రి తెరుస్తుంది. చల్లటి వేళ బొగ్గుపులుసు వాయువును తీసుకుని మాలిక్ ఆమ్లంగా దాచిపెట్టి, పగలు రంధ్రాలు మూసుకుని ఆ నిల్వతో ఆహారం వండుకుంటుంది. కలబంద, అనాస, కాక్టస్‌లు కూడా ఇంతే. రణపాల పులుపు సంగతిని లండన్ లినియన్ సొసైటీ పత్రికలో 1815లో అచ్చేయించినది బెంజమిన్ హైన్. ఈస్టిండియా కంపెనీకి సామర్లకోటలో వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన జర్మన్ ఆయన, 1819లో ఈ మద్రాసులోనే పోయారు. సామర్లకోట పేరు చెప్పగానే నర్సరీ యజమాని ముఖం వెలిగిపోయింది. "మా మేనత్తగారి ఊరండీ! అక్కడ దొర ఆకులు నమిలాడా?" అని పనివాళ్ళందర్నీ పిలిచి మళ్ళీ నాతో చెప్పించారు. ఇప్పుడు కొనేవాళ్ళందరికీ ఆయనే చెప్తున్నారు. దొరకు తెలుగు వచ్చని కూడా కలిపినట్టున్నారు, ఆ భాగం నాది కాదు.

ఇప్పుడు తగ్గించిన ఒక మార్కు. గల్లాపెట్టె వెనక సముద్రపు నాచు ద్రావణం సీసాలు పేర్చి, పైన "ఎండకు, ఉప్పుకు, వానకు, అన్నిటికీ ఒకే మందు" అని బోర్డు పెట్టారు. ఇంత జాగ్రత్తగా మొక్కలమ్మే చోట ఆ బోర్డు ఏమీ బాగోలేదు. నాచు ద్రావణం మోసం కాదు. మన రామనాథపురం తీరంలో పెంచే కప్పాఫైకస్ అనే ఎర్రనాచు నుంచి కూడా తీస్తారు, కొన్ని పంటల్లో కరువునూ ఉప్పునూ తట్టుకోవడానికి కొంత సాయం చేసినట్టు ప్రయోగాలున్నాయి. కానీ అది దెబ్బ తగలకముందు, తక్కువ మోతాదులో, వేళ్ళు బాగున్న మొక్కకు చేసే సాయం. మాడిపోయిన ఆకును పచ్చగా చేయదు, కుళ్ళిన వేరును బతికించదు. ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే మందులను, 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. కాబట్టి సీసా మీద ఏముందో, ఎంతుందో చదివి కొనండి. అక్కడున్న సీసాల్లో ఒక రకానికి ఆ వివరాలే సరిగా లేవు. అడిగితే ఆయన "కంపెనీ కుర్రాడు పెట్టిపోయాడండీ" అని తప్పించుకున్నారు.

ఇండోర్ మొక్కల మూల కూడా నిరాశే. ఏసీ గదిలో పొడి గాలికి, కిటికీ పక్క అర వెలుతురుకు అలవాటు చేసిన మొక్కలు కావాలంటే ఇక్కడ దొరకవు. మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు తప్ప మిగతావి పందిరి కింద తేమలో హాయిగా ఉన్నవే, ఇంటికొచ్చి అలుగుతాయి. ముఖ్యంగా ఫైకస్ బెంజమీనా. వెలుతురు మారితే చాలు అది సగం ఆకులు రాల్చేస్తుంది, అది దాని గుణం. ఎండ మొక్కల విషయంలో అన్ని ప్రశ్నలడిగే మనిషి ఇంటి మొక్కల విషయంలో ఒక్కటీ అడగరు.

వానల్లో దారి ఘోరం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు ఈ సందులో నీళ్ళు నిలిచాయట. అప్పటి నుంచి బల్లలన్నీ ఇటుకల మీదికి ఎత్తారు, కుండీలకు అడుగునే కాక పక్కన కూడా చిల్లులు పెడుతున్నారు. నీళ్ళు నిలిస్తే వేళ్ళకు ఆక్సిజన్ అందదు. వరి అయితే వేళ్ళలోనూ కాండంలోనూ గాలి గదులు కట్టుకుని పై నుంచి గాలి దించుకుంటుంది. బొప్పాయి, మునగ అది చేయలేవు, రెండు మూడు రోజులు నీళ్ళలో నిలబడితే బొప్పాయి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇక్కడ బొప్పాయి మొక్క కొంటే, మట్టి దిబ్బ చేసి దాని మీద నాటమని చెప్పి పంపుతారు.

మొక్క పోతే మార్చి ఇస్తారా అని చాలామంది అడుగుతారు. పసుపు చీటీ ఉన్నదయితే నెలలోపు తీసుకెళ్ళి చూపిస్తే మారుస్తారు, కానీ కుండీతో సహా తేవాలి, ఫోటో చాలదు. మా పై అంతస్తు ఆవిడ బోగన్‌విల్లియా తీసుకెళ్తే మట్టిలో వేలు పెట్టి చూసి "రోజూ పోశారు కదండీ" అని మార్చలేదు. ఆవిడ ఇప్పటికీ ఆ నర్సరీ పేరెత్తితే మండిపడతారు. నా లెక్కలో ఆయన చేసింది సబబే. బోగన్‌విల్లియాను కొంచెం ఎండగడితేనే పూస్తుంది, రోజూ నీళ్ళు తాగితే ఆకులే వేస్తుంది.

మంగళవారం సెలవు. పొద్దున పదిలోపు వెళ్తే యజమానే ఉంటారు, తర్వాత ఆయన అల్లుడు కూర్చుంటాడు, అతనికి ప్రశ్నలడిగే ఓపిక లేదు, ఏదడిగితే అది ఇచ్చేస్తాడు. యూపీఐ తీసుకుంటారు. డెలివరీ కొళత్తూరు, పెరంబూరు, విల్లివాక్కం వరకే, అదీ పది కుండీలు దాటితేనే. ఒక సీసాలో మీ ఇంటి నీళ్ళు పట్టుకెళ్ళడం మరిచిపోకండి. గులాబీలు కావాలనుకుంటే వేసవి ఊసెత్తకుండా సంక్రాంతి అయ్యాక వెళ్ళండి. అప్పటికి మూడో వరసలో పసుపు చీటీలతో సిద్ధంగా ఉంటాయి, పైగా మే నెలలోపు మీ మేడకు అలవాటు పడటానికి వాటికి మూడు నెలలు దొరుకుతాయి.